ముదురు నీలం

కుడికంటికి ఆపరేషనైన పదకొండో రోజున రఫూ మాస్టారు కొట్టు తెరిచాడు. నెల్లాళ్ళు ఆగమని డాక్టరమ్మ చెప్పింది. పదిరోజులు ఆగడమే తను చేసిన ఉపకారం అన్నట్టు తాళం తీశాడు మాస్టారు.

కొట్టంటే పెద్దదేం కాదు. మేడమెట్ల కింద మిగిలిన జాగా. నిలబడితే తలకి మెట్టు తగులుతుంది. కూర్చుంటే కిటికీ సరిగ్గా మొహానికి ఎదురుగా వస్తుంది. ఆ కిటికీ వెలుతురు కోసమే నలభై ఏళ్ళ కిందట ఆ జాగా తీసుకున్నాడు. చిరిగిన బట్టని, చిరుగు ఆనవాలు లేకుండా పోగుకి పోగు కలిపి నేయడం ఆయన పని. ఎలక కొరికిన కోటైనా, నిప్పురవ్వ పడ్డ శాలువైనా, ఎక్కడ బాగుచేశాడో తొడుక్కున్నవాడికి కూడా తెలియకూడదు. తెలిస్తే అది రఫూ కాదు, అతుకు.

పక్క కొట్టు ఇస్త్రీ అతనిది. మాస్టారు నల్లకళ్ళజోడు పెట్టుకుని రావడం చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"ఏం మాస్టారూ, హీరోలా దిగారు! షూటింగ్ ఎక్కడ?"

"నీ కొట్లోనే. విలన్ వేషం ఖాళీగా ఉందట, నిన్ను పెట్టుకోమన్నారు."

"మీరుండగా నేనెందుకండీ? రెండు వేషాలూ మీరే లాగించెయ్యగలరు."

మాస్టారు జేబులోంచి మూడు చుక్కలమందు సీసాలు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. పక్కనే ఓ అట్టముక్క. దానిమీద కూతురు గుండ్రంగా రాసింది. తెల్లమూత రెండు గంటలకోసారి. గులాబీమూత నాలుగు గంటలకోసారి. నీలంమూత మూడుపూటలా. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఐదు నిమిషాలు. వంగకూడదు, బరువెత్తకూడదు, తలమీద నీళ్ళు పోసుకోకూడదు, కన్ను నలపకూడదు. చివరి మాటకింద రెండు గీతలు గీసింది.

కూతురు పోస్టాఫీసులో గుమాస్తా. రెండు వీధుల అవతల కాపురం. పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు, సాయంత్రం తిరిగొచ్చాక తనే వచ్చి చుక్కలు వేస్తుంది. మధ్యలో వేసే పని ఇస్త్రీ అతనికి అప్పగించింది.

"పైకి చూడండి మాస్టారూ."

"పైన ఏముంది?"

"నేనున్నాను. అంతకంటే ఏం కావాలి మీకు? రెప్ప కొట్టకండి. కొట్టారా! సగం మందు చెంప తాగేసింది."

మందు మండింది. రెండు నిమిషాలు కన్ను మూసుకుని కూర్చుని, తర్వాత తన కొట్లోకి వెళ్ళి దారాల డబ్బాలు దించాడు.

ఈ దారాలు బజారులో కొన్నవి కావు. బాగుచేయడానికి వచ్చిన ప్రతి బట్ట లోపలి మడతలోంచి మిగులు పోగులు లాగి, చిన్న చిన్న అట్టముక్కలకి చుట్టి, రంగువారీగా రేకు డబ్బాల్లో దాచినవి. నలభై ఏళ్ళుగా కూడబెట్టినవి. తెల్లవి ఒక డబ్బా, ఎర్రవి ఒక డబ్బా, నల్లవి ఒకటి. ముందుగా చేతికి తగిలింది నల్లడబ్బా. మూత తీశాడు.

అందులో నల్లదారాలు సగం కూడా లేవు.

నీలం ఉంది. ముదురు నీలం, బొగ్గులాంటి నీలం, ఊదా కలిసిన నీలం. అడుగున రెండు ఆకుపచ్చలు కూడా ఉన్నాయి. ఎవరో వచ్చి కలిపేశారనుకున్నాడు. కిటికీ గట్టు మీద వరసగా పేర్చాడు. కుడికన్ను మూసి, ఆపరేషన్ కాని ఎడమకంటితో చూశాడు. అన్నీ నలుపే. ఎడమది మూసి కుడిదానితో చూశాడు. ఇరవైరెండు నీలాలు. మళ్ళీ కుడిది మూశాడు. మళ్ళీ ఎడమది.

"డబ్బాకి కన్ను కొడుతున్నారేంటి మాస్టారూ?" అన్నాడు ఇస్త్రీ అతను గుమ్మంలోంచి. "ఈ వయసులో ఇదేం పాడు బుద్ధి!"

మాస్టారు మూత పెట్టేశాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. నీ పని చూసుకో."

అయింది చాలానే ఉంది. కాకపోతే అది ఆ రోజు అయింది కాదు.

భార్య ఉన్నరోజుల్లో ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. రంగు ఎంచడం ఆవిడ పని, నేయడం ఆయన పని. బట్టని కిటికీ గట్టు మీద పరిచి, దానిమీద మూడు దారాలు అడ్డంగా పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి తన ముక్కాలిపీట మీద కూర్చునేది. ఆయన లేచి వచ్చి, ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, మళ్ళీ చూసి, ఒక దారాన్ని వేలితో తాకేవాడు. తను అనుకున్నదీ అదే అయితే ఆవిడ "ఊఁ" అనేది. అంతే. ఇరవైఅయిదేళ్ళు ఆ "ఊఁ" తప్పలేదు.

తర్వాత తప్పడం మొదలైంది. ఆయన తాకిన దారం చూసి ఆవిడ తల అడ్డంగా ఊపేది.

"అది కాదండీ. పక్కది."

"పక్కది గోధుమరంగే."

"గోధుమరంగు మీరు తాకింది. పక్కది తెలుపు."

"నీ కళ్ళకేమైందే?"

"నా కళ్ళకేం కాలేదు. మీరే ఓసారి చూపించుకోండి."

"సూదిలోకి దారం ఎక్కించేది నేను. చూపించుకోవాల్సిందీ నేనేనా!"

సూదిలోకి ఎక్కించగలిగినవాడికి రంగు తెలియకుండా పోతుందని ఆయనకి తట్టలేదు. కంటిలో శుక్లం ఒక్కరోజులో వచ్చేది కాదు. ఏడాదికింత చొప్పున పసుపుపచ్చ గాజులా కమ్ముకుంటుంది. కమ్ముకున్నవాడికి లోకమే ఆ రంగు. ఈ సంగతి డాక్టరమ్మ మొన్న చెప్పింది. అప్పట్లో చెప్పినా వినే మనిషి కాదు.

ఒకరోజు ప్లీడరు గారి కోటు వచ్చింది. ముదురు నీలం కోటు. మోచేతి దగ్గర మేకుకి తగులుకుని మూడువేళ్ళ పొడవున చిరిగింది. ఆవిడ ఆరోజు మూడు దారాలు పెట్టలేదు. ఒక్కటే పెట్టింది. "ఇది తప్ప వేరే ఏదీ కుదరదు," అంది. ఒక్కటే పెట్టడం ఆయనకి ఎక్కడో కాలింది. ఆ దారం తీసి విసిరేసి, నల్లడబ్బాలోంచి తనే ఒకటి తీసుకుని, రెండురోజులు కూర్చుని నేశాడు.

వారం తిరక్కుండా ప్లీడరు గారు నిప్పుల మీద నడిచొచ్చినట్టు వచ్చాడు. ఎండలో నిలబడితే నీలం కోటు మీద నల్లగీత ఆమడ దూరం కనపడుతోందన్నాడు. పదిమందిలో నవ్వులపాలయ్యానన్నాడు. అప్పుడు కొట్టు ముందు ఇస్త్రీ అతను ఉన్నాడు, ఎదురింటి దర్జీ ఉన్నాడు, ఇంకెవరో ఉన్నారు.

"అసలు ఈ దారం ఎవరు తీశారయ్యా?"

"మా ఆవిడండీ," అన్నాడు మాస్టారు. "ఈమధ్య కళ్ళు ఆనడం లేదు. ఇంట్లో కూర్చోవే అంటే వినదు."

ఆవిడ అక్కడే పీట మీద ఉంది. మొగుడి మొహంలోకి చూసింది. లేచి, గూట్లో దాచిన ఆ పాత దారాన్ని, ఆయన విసిరేసిన దాన్నే, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ప్లీడరు ఎండలోకి తీసుకెళ్ళి పోల్చుకుని, "ఇదీ రంగంటే!" అన్నాడు. "చూశారా, గట్టిగా చెప్తే తీస్తుంది," అన్నాడు మాస్టారు. అలా అన్నందుకు అందరూ నవ్వారు.

మర్నాటి నుంచి ఆవిడ కొట్టుకి రాలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్ళందరికీ ఆయన అదే మాట చెప్పాడు. దర్జీకి చెప్పాడు, బావమరుదులకి చెప్పాడు, కూతురికి చెప్పాడు. కళ్ళు పోయాయి. ఏడాదిన్నరకి ఆవిడ గుండెజబ్బుతో పోయింది. పోయి రెండేళ్ళు.

*

ఆపరేషనైన ఆరువారాలకి కుడికంటిలో కొత్త బాధ పుట్టింది. గీతలు వంకరపోయాయి. బట్ట పరిచి చూస్తే నిలువుపోగులు మధ్యలో నీటిలో కర్రలా విరిగి కనిపించాయి. డాక్టరమ్మ వెలుగు వేసి చూసింది.

"కంటి వెనకపొరలో నీరు చేరి వాచింది. కొంతమందికి ఇలా అవుతుంది. చుక్కలతోనే తగ్గుతుంది, కాకపోతే తొందరపడితే కుదరదు."

మళ్ళీ సీసాలు. మళ్ళీ అట్టముక్క. కొట్టు మూతపడింది. వీధిదీపం చూస్తే చుట్టూ ముళ్ళు మొలిచేవి. ట్యూబులైటు కింద కూర్చుంటే కంటిచివర ఏదో సన్నటి మెరుపు తిరిగేది. తల తిప్పితే అదీ తిరిగేది. ఒక కన్ను కొత్తది, ఒక కన్ను పాతది. రెండూ ఒకదాని మాట ఒకటి వినేవి కావు. గ్లాసులో పోసిన నీళ్ళు బల్లమీద పడేవి. మధ్యాహ్నానికల్లా కణతలు పగిలిపోయేవి.

నాలుగో నెలకి వాపు తీసింది, గీతలు తిన్నబడ్డాయి. ఎడమకంటికి కూడా ఆపరేషన్ చేసేస్తే ఈ తలనొప్పీ తడబాటూ పోతాయంది డాక్టరమ్మ. మాస్టారు వద్దన్నాడు.

"ఎందుకొద్దు నాన్నా?" అంది కూతురు ఇంటికొచ్చాక. "భయమా?"

"భయమేంటి? ఒకటి చాలు."

"చాలా? నిన్న పప్పుగిన్నె అనుకుని నా చెయ్యి పట్టుకున్నావు."

"గిన్నెలాగే ఉంది మరి నీ చెయ్యి. లావయ్యావు."

"మాట మార్చకు. అచ్చం అమ్మలాగే చేస్తున్నావు. అమ్మా అంతే, కళ్ళు పోయాయని ఒప్పుకోకుండా చివరిదాకా డాక్టరు దగ్గరికి రాలేదు."

మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

భయం కాదు. రోజూ పొద్దున్నే నల్లడబ్బాలోంచి ఒక అట్ట తీసి, కుడికన్ను మూసి చూసుకుంటాడు. నలుపే. ఎడమకంటికి ఇప్పటికీ అది నలుపే. నేను చూసిందే చెప్పాను, నా తప్పేముంది, అనుకుంటాడు. ఆ కాస్త ఊరట కోసం తలనొప్పి భరించాడు. ఎడమకంటిలో పొర కూడా తీసేస్తే, ఆ మాట అనడానికి లోకంలో ఇంక సాక్షి ఉండదు.

*

కంటి ఒత్తిడి చూడాలని డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. కూతురు సెలవు పెట్టి తీసుకెళ్ళింది. గడ్డం ఆన్చుకునే బల్లదగ్గర మాస్టారు కూర్చుంటే, నీలం వెలుగు కంటిమీదికి వచ్చి ఆగింది.

"ఒత్తిడి కొంచెం పెరిగింది. వాపుకి వేసిన చుక్కల వల్ల కావచ్చు. కొన్ని ఇళ్ళల్లో ఇది వంశంలో కూడా ఉంటుంది." డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. "మీ ఇంట్లో ఎవరికైనా మెల్లమెల్లగా చూపు పోయిందా?"

"మా అమ్మకండీ," అంది కూతురు. "అరవై దగ్గరపడుతుంటే పోయింది. పరీక్ష చేయించుకోనేలేదు."

డాక్టరమ్మ కలం ఆగింది. "తెలియకుండానే పోయిందా? అయితే మిమ్మల్ని కూడా చూడాలి. తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. ఇవాళే చూద్దాం. ఇకమీద ఆరునెలలకోసారి రండి."

"నాకూ పోతుందా అండీ?" అంది కూతురు. "నాకు చిన్నపిల్లుంది."

"పోతుందని కాదమ్మా. జాగ్రత్త. ఇంతకీ ఆవిడకి మొదట ఏం కనపడకుండా పోయింది?"

కూతురు తండ్రివైపు చూసింది. "నాన్నా, నువ్వే కదా ముందు గమనించావు. చెప్పు."

మాస్టారు గడ్డం ఇంకా ఆ బల్లమీదే ఉంది. తల తీయలేదు. డాక్టరమ్మ కలం కాగితానికి ఆన్చి ఎదురుచూస్తోంది. ఇంకో మాట చాలు, అది కూడా కాగితం ఎక్కుతుంది. ఈ పిల్ల ఆరునెలలకోసారి ఇక్కడికొచ్చి, లేని రోగం కోసం కూర్చుంటుంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా తల్లి కళ్ళు చూసుకుని భయపడుతుంది.

"ఆవిడ కళ్ళు బాగానే ఉండేవి," అన్నాడు.

"ఏంటి?"

"కొట్టెయ్యమ్మా అది. రాయకు. ఆవిడకేం లేదు. కనపడంది నాకు."

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. కొట్టేసింది. ఎడమకంటి ఆపరేషన్ నెల తర్వాత పెట్టుకుందామా అంటే మాస్టారు సరేనన్నాడు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక కూతురు అడిగింది. "చెప్పు. మొత్తం చెప్పు."

చెప్పాడు. డబ్బా సంగతి, కోటు సంగతి, ఆవిడ పెట్టిన ఒక్క దారం సంగతి. చెప్పి, "నాకు నిజంగానే నల్లగా కనపడిందే అమ్మాయ్," అన్నాడు. "ఇదిగో, ఈ కన్ను మూసి చూస్తే ఇప్పటికీ..."

"కన్ను సంగతి సరే. ఆ దారం తీసింది అమ్మ కాదని, నువ్వేనని, నీకు తెలుసా తెలీదా?"

వరండాలో ఎవరో పేరు పిలుస్తున్నారు. ఒక ముసలావిడ కంటికి గుడ్డ అడ్డం పెట్టుకుని లేచింది.

"తెలుసు," అన్నాడు.

ఆ ఒక్కమాటని ఏ కంటి మీదికీ నెట్టడానికి లేదు.

కూతురు బెంచీ మీద కాస్త ఎడంగా జరిగింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకి.

"పాపకి పాలు పడుతుంటే అమ్మ చేతిలోంచి గిన్నె లాక్కున్నాను నాన్నా. కనపడదు, ఒలకబోస్తావ్ అని. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. సూదులపెట్టె తీసి అటకమీద పెట్టాను, గుచ్చుకుంటాయని. ఏమీ అనలేదు. ఇచ్చేసింది. చివర్లో గోడ పట్టుకుని నడిచేది తెలుసా నీకు? బాగా కనిపించే మనిషి! నువ్వన్నావు, నేనన్నాను, దాంతో తనూ నమ్మేసింది."

"నేను..."

"నువ్వు మాట్లాడకు." కూతురు లేచింది. "ఆ ప్లీడరు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. పని మానేశాడు."

"నలుగురిలో అన్నావుగా. నడు, ముందు ఆయనకి చెప్పు."

*

ప్లీడరు గారు వరండాలో వాలుకుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో పేపరు, చేతిలో భూతద్దం. బాగా ముసలివాడైపోయాడు. చెవికి యంత్రం పెట్టుకున్నాడు. కూతురు గేటు దగ్గరే ఆగిపోయింది. మాస్టారు ఒక్కడే వెళ్ళాడు.

"ఎవరూ? రఫూ మాస్టారా! రావయ్యా. ఏంటి, నీకూ కళ్ళకి చేశారా?"

"అయిందండీ. ఒక మాట చెప్దామని వచ్చాను. మీ నీలం కోటు..."

"ఏ కోటు?"

"ముదురు నీలం. నల్లదారంతో నేశానని మీరు కోప్పడ్డారు."

ప్లీడరు కొంచెం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "నాకు గుర్తులేదయ్యా. కోట్లన్నీ ఎప్పుడో పంచిపెట్టేశాను. అయినా ఆనాటి కోపానికి ఇప్పుడు వచ్చావా? వెర్రివాడా!"

"కోటు కాదండీ. ఆరోజు దారం తీసింది నేను. మా ఆవిడ కాదు."

"ఆఁ, మీ ఆవిడ!" ప్లీడరు మొహం విప్పారింది. "గుర్తుంది, గుర్తుంది. పీట మీద కూర్చునేది. పాపం, కళ్ళు కనపడేవి కావు."

"కనపడేవండీ."

"ఊఁ?"

"కళ్ళు కనపడేవి! నేనే అబద్ధం చెప్పాను!"

"అవునవును," అన్నాడు ప్లీడరు ఓదార్పుగా, చెవి యంత్రాన్ని తడుముకుంటూ. "కళ్ళు కనపడకపోయినా అంత పని చేసేదంటే మాటలు కాదు. ఇప్పటికీ మా ఇంట్లో చెప్తుంటాను, ఆ గుడ్డితల్లి గురించి."

మాస్టారు ఇంకోసారి చెప్పాడు. గొంతు పెంచి, మాట మాటా విడదీసి చెప్పాడు. లోపలినుంచి కోడలు కాబోలు, తొంగిచూసి వెళ్ళింది. ప్లీడరు వింటూ తలాడించాడు. విని, "పోయినవాళ్ళ గురించి అంత బాధపడకూడదయ్యా," అన్నాడు. "మంచి మనిషి. ఒక్క కళ్ళే దేవుడు ఇవ్వలేదు."

 మాస్టారు నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాడు.

"చెప్పావా?" అంది కూతురు.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"కోటు గుర్తులేదన్నాడు."

"అమ్మ?"

మాస్టారు నల్లకళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "గుడ్డిదని గుర్తుంది."

కూతురు గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్తూ గంట కొట్టారు.

"ఇంకా ఎవరెవరికి చెప్పావు?"

"దర్జీకి. ఇస్త్రీ అతనికి. మీ మావయ్యలకి." ఆయన ఆలోచించాడు. "బట్టలు తెచ్చినవాళ్ళకి. అడిగినవాళ్ళకల్లా."

"పేర్లు?"

"అందరివీ గుర్తులేవు."

"గుర్తు తెచ్చుకో. ఆపరేషన్‌కి నెలుందిగా," అని కూతురు ముందు నడిచింది.

గేటు కింద ఒక మెట్టుంది. ఆయనకి అది రెండు మెట్లుగా కనపడింది. చెయ్యి అందిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. కూతురు వెనక్కి చూడకుండా దర్జీ ఇంటివైపు తిరిగింది. మాస్టారు గేటు పట్టుకుని, కాలితో అంచు వెతుక్కుని, దిగాడు.